డ్యాష్‌బోర్డులో ఒక ఖాళీ చోటు

మన దేశంలో చాలాకాలం పాటు కారు కొన్నవారికి కారుతోపాటు పాట రాలేదు. ఇంజను వచ్చేది, నాలుగు చక్రాలు వచ్చేవి, అయిదవది స్టెప్నీగా డిక్కీలో పడుకొని వచ్చేది. పాట మాత్రం యజమాని విడిగా తెచ్చుకోవలసిన వస్తువు. డ్యాష్‌బోర్డు నడుమ, నల్లని ప్లాస్టిక్ మూత కప్పుకొని, ఒక దీర్ఘచతురస్రపు ఖాళీ ఉండేది. వెడల్పు సుమారు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50 మిల్లీమీటర్లు. జర్మనీవారు తమ పారిశ్రామిక ప్రమాణాల్లో ఈ కొలతను నిర్ణయించగా, దరిమిలా అది అంతర్జాతీయ ప్రమాణమైంది. జపానులో తయారైన సెట్టు గుర్‌గావ్‌లో తయారైన కారులో ఇమిడిపోవడానికి కారణం ఈ రెండు అంకెలే.

ఆ ఖాళీ చోటును గురించే ఈ వ్యాసం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అనగానే చదువరులకు గండికోట బురుజులో, బంగారు అంగళ్ళో, చీనీ తోటలో గుర్తుకు వస్తాయి. సినిమాలు చూసేవారికైతే ధూళి లేపుకొంటూ వరుసగా వచ్చే టాటా సుమోలు గుర్తుకు వస్తాయి. ఆ బండ్లలోపల ఏ పాట మోగుతూ ఉండేదో, ఆ పాటను బండిలోకి ఎక్కించిన చేతులు ఎవరివో చెప్పిన చరిత్ర నాకు కనబడలేదు. రాజుల చరిత్రలకు శాసనాలున్నాయి. వైర్లు కలిపిన వారి చరిత్రకు ఇన్సులేషన్ టేపు తప్ప ఆధారం లేదు. అది కూడా ఎండకు జిగురు ఆరి ఊడిపోయేదే!

కారులో రేడియో పుట్టిన తీరే చిత్రమైనది. దానిని పుట్టించినవారు కార్లు తయారు చేసేవారు కారు. అమెరికాలోని షికాగో నగరంలో పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ అనే అన్నదమ్ములు 1928లో ఒక చిన్న కంపెనీ పెట్టారు. ఇంట్లోని రేడియోను బ్యాటరీలు లేకుండా గోడ కరెంటుతో నడిపే పరికరం వారి తొలి సరుకు. మరుసటి ఏడు ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. నిలదొక్కుకోవడానికి కొత్త సరుకు కావలసి వచ్చి, 1930లో వారు కారులో బిగించే రేడియోను సిద్ధం చేశారు. ఆ జూన్ నెలలో అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సమావేశం జరిగింది. పాల్ గాల్విన్ తన కారులో రేడియో బిగించుకొని అక్కడికి నడుపుకొని పోయి, వచ్చేపోయేవారికి వినిపించాడు. మోటారు అన్న మాటకు, ఆనాటి గ్రామఫోను పేర్ల చివర వినిపించే ‘ఓలా’ను తగిలించి ఆ సెట్టుకు ‘మోటరోలా’ అని పేరు పెట్టాడు. 1947లో కంపెనీ పేరే మోటరోలాగా మారింది.

ఆ సెట్టు ధర 110 నుండి 130 డాలర్ల వరకు ఉండేది. మంచి ఫోర్డు కారు 650 డాలర్లకు వచ్చే రోజులవి. బిగించడం మరొక ప్రయాస. డ్యాష్‌బోర్డు విప్పి, నేలపలక కోసి, అడుగున అదనపు బ్యాటరీలు అమర్చి, ఏరియల్ కోసం పైకప్పు లోపలి గుడ్డ చింపి తీగ పరచవలసి వచ్చేది. ఇంతా చేస్తే ఇంజనులోని స్పార్క్ ప్లగ్గులు నిప్పురవ్వ వేసినప్పుడల్లా రేడియోలో చిటపటలు వినిపించేవి. ప్రతి ప్లగ్గు తీగకు ఒక రెసిస్టరు తగిలించి ఆ రొదను అణచవలసి వచ్చింది.

ఐరోపాలోనూ ఇదే కథ. 1932లో బ్లాపుంక్ట్ కంపెనీ తెచ్చిన తొలి కారు రేడియో పదిహేను కిలోల బరువు. ధర 465 మార్కులు, అంటే సుమారుగా కారు వెలలో మూడోవంతు. ఈ రెండు ఉదాహరణలలోనూ గమనించవలసిన విషయం ఒకటున్నది. కారు ఒకరు చేశారు, పాట మరొకరు చేశారు, రెండింటినీ కలిపినవాడు మూడోవాడు. ఈ మూడోవాడే మన వ్యాసానికి నాయకుడు.

ఆ తరువాతి మలుపులు క్లుప్తంగా చెబుతాను. 1955లో ఫిల్కో, క్రైస్లర్ కంపెనీలు కలిసి వాల్వులు లేని, పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచే కారు రేడియోను ప్రకటించాయి. బ్యాటరీ మీద భారం తగ్గింది. క్రైస్లర్ వారే 1956 మోడళ్ళలో గ్రామఫోను పళ్ళెం తిప్పే యంత్రాన్ని కూడా డ్యాష్‌బోర్డు కింద పెట్టి చూశారు. గతుకుల్లో సూది ఎగిరి ఆ ప్రయోగం నిలవలేదు. జమ్మలమడుగు రోడ్ల మీద దానిని పరీక్షించి ఉంటే ఒక్కరోజులోనే సంగతి తేలిపోయి ఉండేది! చివరకు 1963లో బెర్లిన్ ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ, లూ ఓటెన్స్ నాయకత్వంలో రూపొందిన క్యాసెట్టును చూపింది. జేబులో పట్టేది, సూది లేనిది, సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నింపాదిగా నడిచేది. ఆ దశాబ్దం ముగిసేలోపలే అది కారులోకి ఎక్కింది.

ఇక మన సంగతి. రేడియో అనేది మన దేశంలో చాలాకాలం కేవలం వస్తువు కాదు, అనుమతి కూడా. 1885 నాటి టెలిగ్రాఫు చట్టం నీడలో ప్రతి రేడియోకు లైసెన్సు ఉండవలసినదే. పోస్టాఫీసులో రుసుము కట్టి, పుస్తకంలో బిళ్ళ అంటించుకొని, ఏటేటా పునరుద్ధరించుకోవాలి. 1980లలో ఈ లైసెన్సు పద్ధతి అంతరించింది. అంతవరకు కారులో రేడియో పెట్టుకోవడమంటే బండికి ఒక కాగితం, పాటకు మరొక కాగితం దగ్గర ఉంచుకోవడమే.

పైగా వినడానికి స్టేషను కావాలి కదా! మద్రాసు ఆకాశవాణి 1938లోను, విజయవాడ కేంద్రం 1948లోను మొదలయ్యాయి. మన జిల్లాలో కడప కేంద్రం 1963లో వెలసింది. ఇళ్ళలో ఎత్తైన ఏరియల్ కట్టుకొని దూరపు కేంద్రాలను పట్టుకొనేవారు. కదిలే బండిలో అది సాధ్యం కాదు. కనుక మీడియం వేవ్ మీద 900 కిలోహెర్ట్జ్ వద్ద కడప కేంద్రం గట్టిగా పలకడం మొదలైన తరువాతనే, ఎర్రమల కొండల నీడన తిరిగే బండ్లలో రేడియోకు ఒక అర్థం వచ్చిందని నా అభిప్రాయం.

అంబాసిడరు కార్లలో రేడియో అదనపు అమరికే. స్టీరింగు పక్కన, రెండు గుండ్రని మరలతో, నడుమ వెలిగే అంకెల పట్టీతో ఉండేది. ఆ రోజుల్లో బిగించేవారికి ఒక ప్రాణాంతకమైన చిక్కు ఉండేది, ప్రాణం సెట్టుదే అనుకోండి. బ్రిటిషు సంప్రదాయంలో వచ్చిన పాత బండ్లు కొన్నింటిలో బ్యాటరీ ప్లస్ కొనను బండి శరీరానికి కలిపేవారు. తరువాతి బండ్లలో మైనస్ కొనను కలపడం ఆచారమైంది. వాల్వు సెట్టుకు ఈ తేడా అంతగా పట్టేది కాదు. ట్రాన్సిస్టరు సెట్టును మాత్రం తారుమారుగా కలిపితే క్షణంలో కాలిపోతుంది. అందుచేత ఏ ఎలక్ట్రీషియనైనా ముందు బానెట్టు ఎత్తి, బ్యాటరీ నుంచి ఏ కొన బాడీకి పోతున్నదో చూసేవాడు. ఇంజనీరింగు కళాశాల గడప తొక్కనివారు ఈ సూత్రాన్ని చేతివేళ్ళతో నేర్చుకున్నారు.

ఈ మూడు ఊళ్ళ భౌగోళికం ఇక్కడ చెప్పక తప్పదు. మద్రాసు నుంచి బొంబాయికి పోయే రైలుమార్గం 19వ శతాబ్దంలోనే మన జిల్లా గుండా పోయింది. ఎర్రగుంట్లలో ఆగింది, ముద్దనూరులో ఆగింది. ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు, పులివెందులకు రాలేదు. ‘రెండవ బొంబాయి’ అని పేరుపడ్డ ప్రొద్దుటూరులో బంగారం కొనడానికి వచ్చేవారు కూడా ఎర్రగుంట్లలో దిగి రోడ్డు పట్టుకోవలసినదే. ఎర్రగుంట్ల నుంచి నంద్యాలకు వేసిన కొత్త లైను మీద ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా ప్రయాణికుల రైలు నడవడం 2016 ఆగస్టులో గాని జరగలేదు. అంటే నూటయాభై ఏళ్ళ పాటు ఇక్కడి మనిషి ఏ పనికైనా రోడ్డునే నమ్ముకున్నాడు. పెళ్ళికైనా, ఆసుపత్రికైనా, కోర్టు వాయిదాకైనా, చీనీ కాయల బేరానికైనా బస్సో, జీపో, బాడుగ కారో ఎక్కవలసినదే.

రైలులో ప్రయాణికుడికి కిటికీ ఉంటుంది, పక్కవాడి కబుర్లుంటాయి. మా రోడ్ల మీద కిటికీ తీస్తే నాపరాతి దుమ్ము, మూస్తే ఉక్క. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అటువంటి చోట బండిలో పాట అనేది విలాసం కాదు, దూరాన్ని భరించే సాధనం. ప్రొద్దుటూరు నుంచి కడప యాభై కిలోమీటర్ల పైచిలుకు. కారులో గంట ప్రయాణం. సి-60 క్యాసెట్టు ఒక వైపు అరగంట, రెండో వైపు అరగంట. కనుక కడప మాకు సరిగ్గా ఒక క్యాసెట్టు దూరం! జమ్మలమడుగుకు ఒక వైపు చాలు. పులివెందులకు పోవాలంటే రెండో క్యాసెట్టు దగ్గర పెట్టుకోవలసినదే. మైలురాళ్ళు పాతినవారికి తెలియని కొలత ఇది.

క్యాసెట్టు మన పల్లెలకు వచ్చిన దారులు ప్రధానంగా రెండు. మొదటిది గల్ఫ్ దారి. కడప జిల్లా నుంచి కువైట్‌కు పనికి పోయినవారి సంఖ్య చిన్నది కాదు. వారు సెలవుకు వచ్చేటప్పుడు తెచ్చే పెట్టెల్లో టేపురికార్డరుకు అగ్రస్థానం. అప్పుడప్పుడు ఒక కారు సెట్టు కూడా వచ్చేది. దిగుమతి సుంకం భారీగా ఉన్న ఆ కాలంలో ‘ఫారిన్ సెట్టు’ అనే మాటకు ఒక వెలుగు ఉండేది. ఆ దారి లేనివారు మద్రాసు బర్మా బజారుకో, రిచ్చీ వీధికో, బెంగుళూరు జె.సి. రోడ్డుకో పోయే లారీ డ్రైవర్లకు చెప్పి తెప్పించుకొనేవారు.

రెండవది స్వదేశీ దారి. 1980ల మొదట్లో దిగుమతి నిబంధనలు సడలి, ఖాళీ టేపు చవకైంది. అప్పటిదాకా గ్రామఫోను కంపెనీ గుత్తాధిపత్యంలో ఉన్న సంగీత వ్యాపారంలోకి గుల్షన్ కుమార్ టి-సిరీస్ వంటి సంస్థలు చొరబడి, క్యాసెట్టు ధరను సామాన్యుడికి అందేటట్లు చేశాయి. పీటర్ మాన్యుయెల్ అనే పండితుడు 1993లో ‘క్యాసెట్ కల్చర్’ అనే గ్రంథంలో ఈ మార్పును ఉత్తర భారతం ఆధారంగా వివరించాడు. పెద్ద కంపెనీల చేతిలో నుంచి పాట చిన్న ఊళ్ళ చేతిలోకి వచ్చిందనేది ఆయన వాదన సారాంశం. ఆ మాట మన సీమకూ వర్తిస్తుంది.

ఊరూరా రికార్డింగు అంగళ్ళు వెలిశాయి. కావలసిన పాటల జాబితా కాగితం మీద వ్రాసి ఇస్తే, ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చేవారు. ఆ జాబితాల్లో సినిమా పాటలే కాదు, పౌరాణిక నాటకాల పద్యాలు ఉండేవి. బలిజేపల్లివారి హరిశ్చంద్రలోని కాటిసీను, తిరుపతి వేంకటకవుల రాయబారం సీను లేని జీపు అరుదు. పొద్దున్నే బండి తీసినవాడు ముందుగా ఘంటసాల భగవద్గీత పెట్టేవాడు. 1974లో ఆయన మరణానంతరం విడుదలైన ఆ రికార్డు, బాడుగ కార్లలో అగరువత్తికి తోడైంది.

ఈ సందర్భంలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. అన్నమాచార్యులు పుట్టిన తాళ్ళపాక ఉమ్మడి కడప జిల్లాలోనిదే. ఆయన సంకీర్తనలు రాగిరేకుల కెక్కి, తిరుమల ఆలయంలోని ఒక అరలో తరతరాలు నిద్రించి, 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో వెలుగు చూశాయి. పండితులు పరిష్కరించారు, విద్వాంసులు బాణీలు కట్టారు. 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి బాలాజీ పంచరత్నమాలలో వాటిని పాడారు. అక్కడి నుంచి క్యాసెట్టు మీదికి, క్యాసెట్టు నుంచి కారు సెట్టులోకి వచ్చి, అయిదువందల ఏళ్ళ తరువాత ఆ కీర్తనలు మళ్ళీ కడప జిల్లా రోడ్ల మీద వినిపించాయి. రాగిరేకు మీద గీతలు, టేపు మీద ఇనుప రజను. రెండూ లోహాలే, రెండూ పాటను మోసినవే.

1983 డిసెంబరు 14న మారుతి 800 తొలి కారు తాళాలు ఢిల్లీలో హర్పాల్ సింగ్ అనే ఉద్యోగికి అందాయి. మధ్యతరగతి మనిషికి కారు యోగం అక్కడ మొదలైంది. ఆ కారు చవకగా రావడానికి కారణాల్లో ఒకటి, అందులో లేనివి చాలా ఉండటం. సాధారణ మోడలులో స్టీరియో లేదు. ఉన్నది ఆ ఖాళీ చోటే. కంపెనీ ఆ ఖాళీని వదలివేయడం వల్ల దేశంలో వేలకొద్దీ చిన్న అంగళ్ళు బ్రతికాయి.

నేను కూడా అటువంటి ఖాళీతో ఉన్న పాత మారుతిని కొని, తొలిసారిగా సెట్టు బిగించుకొన్నది ప్రొద్దుటూరులోనే. అంగడి అనడానికి అదొక రేకుల షెడ్డు. ముందర బ్యాటరీలు చార్జింగుకు పెట్టి ఉన్నాయి. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. పక్కన మనవడి వయసు పిల్లవాడొకడు స్క్రూలు డబ్బా మూతలో వేస్తూ లెక్కపెడుతున్నాడు. నేను తీసుకొనిపోయిన సెట్టు అట్టపెట్టె మీద ‘50 వాట్లు, నాలుగు చానెళ్ళు’ అని బంగారు అక్షరాలతో ఉంది. మేస్త్రీ దానిని చూసి నవ్వాడు.

“ఈ పెట్టె మీద రాసిండేది పెట్టెకే సార్. సెట్టుకు గాదు” అన్నాడు.

ఆయన మాట అక్షరాలా నిజమని తరువాత లెక్క వేసుకొని చూశాను. నడిచే కారులో వోల్టేజి సుమారు 14.4. నాలుగు ఓముల స్పీకరుకు ఆ వోల్టేజితో నేరుగా, ఏ నష్టమూ లేకుండా ఇవ్వగల సుద్ధమైన శక్తి 26 వాట్లను దాటదు. ఆచరణలో ఇరవై దగ్గర ఆగుతుంది. అంతకు మించి కావాలంటే వోల్టేజిని పెంచే విడి యాంప్లిఫయరు పెట్టి, బ్యాటరీ నుంచి లావు తీగ లాగవలసినదే. మేస్త్రీ ఈ గుణకారం చేసి ఉండడు. వందల సెట్లు విని చెప్పాడు.

ఆయన చేతిలో మీటరు లేదు. రెండు తీగలు కట్టిన చిన్న బల్బు ఉంది. టెస్ట్ ల్యాంపు అంటారు. తాళం తీసి పక్కన పెట్టమన్నాడు. ఒక్కొక్క తీగకూ బల్బు ఆనించి చూశాడు.

“తాళం తీసినాక గూడా ఎలిగే వైరు ఒగటి. తాళం తిప్పితేనే ఎలిగేది ఇంగొగటి. మొదటిది సెట్టుకు గ్యాపకం, రెండోది సెట్టుకు మెలకువ. ఈ రెండూ మారిపోకూడదు సార్. మెలకువ వైరు పోయి గ్యాపకం వైరు మీద పన్యాదంటే రాత్రంతా సెట్టు నిద్దర బోదు. తెల్లారికి మీ బ్యాటరీ నిద్దర బోతాది.”

పసుపు తీగ నిరంతర విద్యుత్తు, ఎరుపు తీగ తాళంతో వచ్చే విద్యుత్తు, నలుపు భూమి అనే ప్రమాణాన్ని ఇంతకన్న చక్కగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. నలుపు తీగను ఆయన ఏ ప్లాస్టిక్ భాగానికో చుట్టలేదు. డ్యాష్‌బోర్డు లోపల ఇనుప పట్టీ మీది రంగును కత్తితో గీకి, మెరిసే లోహం బయటపడిన తరువాత బోల్టు కింద బిగించాడు. అక్కడ రంగు అడ్డుపడితే ఇంజను వేగంతో పాటు హెచ్చే సన్నని ఈల పాటలో కలుస్తుంది. పసుపు తీగ దారిలో ఫ్యూజు పెట్టాడు. తీగలు లోహపు అంచును దాటే చోట రబ్బరు ట్యూబు ముక్క తొడిగాడు. “గతుకుల్లో రాచుకోని రాచుకోని తోలు పోతాది” అన్నాడు. తీగకు తోలు అనే మాట నాకు ఎంతో నచ్చింది.

స్పీకర్ల వంతు వచ్చినప్పుడు పిల్లవాడు టార్చిలైటు సెల్లు ఒకటి తెచ్చాడు. సెల్లు రెండు కొనలను స్పీకరు కొనలకు తాకిస్తే లోపలి అట్ట ముందుకు ఉబుకుతుంది, లేదా వెనుకకు పోతుంది. ముందుకు ఉబికితే ప్లస్ ప్లస్‌తో కలిసిందని అర్థం. నాలుగింటినీ అలా పరీక్షించి ప్లస్ కొనలకు ఎర్ర గుర్తు పెట్టారు. ఒక స్పీకరు ముందుకు తోసేటప్పుడు రెండోది వెనుకకు లాగితే, గాలిలో రెండు అలలూ ఒకదానినొకటి మింగేసి, తబలా, మృదంగం వంటి లోతైన నాదాలు మాయమవుతాయి. భౌతికశాస్త్రంలో దీనిని ప్రావస్థ భేదం అని చదువుకున్నాము. రేకుల షెడ్డులో దీని పేరు “పాట బోలుగా వస్తాది”.

పని అంతా అయిన తరువాత మేస్త్రీ మీట నొక్కలేదు. “మీ బండి, మీరే పెట్టాల సార్” అన్నాడు. నేను పెట్టాను. రేకుల షెడ్డు అంతా ఘంటసాల గొంతు నిండింది. పిల్లవాడు స్క్రూల డబ్బా మూత నాకు చూపించాడు. అందులో ఒక్క స్క్రూ కూడా మిగలలేదు. మేస్త్రీ వాడికి నేర్పిన పరీక్ష అదేనట. పని ముగిశాక స్క్రూ మిగిలితే పని ముగియనట్లు లెక్క.

ఈ విద్యను ఎక్కడా పాఠంగా చెప్పలేదు. ప్రొద్దుటూరులో ఒక షెడ్డులో నేర్చుకున్నవాడు జమ్మలమడుగు బస్టాండు దగ్గర అంగడి పెట్టుకొనేవాడు. అక్కడ నేర్చుకున్నవాడు పులివెందుల పోయేవాడు. చీనీ, అరటి కాయల లారీలు బహుదూరం పోయి వచ్చే ఊరు కనుక పులివెందులలో లారీ సెట్ల పని ఎక్కువ. లారీలది 24 వోల్టుల వ్యవస్థ. రెండు బ్యాటరీలు వరుసగా ఉంటాయి. 12 వోల్టుల సెట్టును ఒక్క బ్యాటరీ మీద మాత్రమే కలిపితే అది ఒక్కటీ త్వరగా అలసిపోతుంది. వోల్టేజిని తగ్గించే పరికరం పెట్టాలి. ఎండకు కరిగే జిగురు వల్ల క్యాసెట్టులోని మెత్త ఊడిపోవడం, దుమ్ము వల్ల హెడ్డు మూసుకుపోవడం, స్పిరిటు, దూదితో దానిని తుడవడం, పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పి మసక గొంతును స్పష్టం చేయడం వంటివన్నీ మా ఎండ, మా దుమ్ము నేర్పిన పాఠాలు. జపాను కంపెనీ పుస్తకంలో నాపరాతి దుమ్ముకు అధ్యాయం ఉండదు కదా.

ఇక సుమోల మాట. టాటా సుమో 1994లో వచ్చింది. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చిన తరువాత, సీమ అంటే వరుసగా వచ్చే సుమోలు, వాటిలోంచి దిగే కత్తులు అని తెలుగు దేశమంతా స్థిరపడిపోయింది. ఆ కాలంలో ఈ నేల మీద రక్తం చిందలేదని నేను అనను. చిందినది, కుటుంబాలు చితికిపోయినవి. కాని అదే సుమోలో పెళ్ళికూతురు అత్తగారింటికి పోయింది, పురిటి నొప్పుల మనిషి కడప ఆసుపత్రికి పోయింది, పది మంది ఇరుక్కొని కూర్చొని తిరుమలకు పోయారు. ఆ ప్రయాణాలన్నింటిలో డ్యాష్‌బోర్డులో ఏదో ఒకటి పాడుతూనే ఉన్నది. సినిమావారు ఆ బండి బయటి శబ్దాన్నే పట్టుకున్నారు, లోపలి శబ్దాన్ని పట్టించుకోలేదు. ఒక ప్రాంతాన్ని దాని కత్తులతోనే కొలిచేవారు, అది ఏ పద్యానికి తల ఊపిందో కూడా అడగవలసి ఉన్నది.

పయనీర్ కంపెనీ కారులో సీడీ ఆడించే యంత్రాన్ని 1984లోనే తెచ్చినా, మా ఊళ్ళకు అది చేరేసరికి శతాబ్దం మారింది. ఆ వెంటనే వందకు పైగా పాటలు పట్టే ఎంపీత్రీ సీడీ, ఆ వెనుకనే గోరంత పెన్‌డ్రైవు వచ్చాయి. రికార్డింగు అంగళ్ళు కంప్యూటరు పెట్టుకొని కొన్నాళ్ళు నిలిచాయి, తరువాత సెల్‌ఫోను అంగళ్ళయ్యాయి. మార్పు సహజమే, దానికి విచారించను. గతుకులో ఆగని పాట ఎవరికి చేదు?

కాని ఈ మధ్య వచ్చే కార్లలో ఆ ఖాళీ చోటు లేదు. దాని స్థానంలో కంపెనీయే అమర్చిన వెడల్పాటి తెర ఉన్నది. 2014, 2015 ప్రాంతాల నుండి అది ఫోనుతో మాట్లాడుతున్నది. వెనుక కెమెరా, ఏసీ, తలుపుల హెచ్చరిక అన్నీ చాలా కార్లలో దానితోనే ముడిపడినవి. తీగకు ఒక పని అనే పద్ధతి పోయి, రెండు తీగల మీదనే అన్ని యంత్రాలూ సంకేతాలు పంపుకొంటున్నాయి. టెస్ట్ ల్యాంపు ఆనిస్తే బల్బు వెలగదు. వెలగకపోగా, అటువంటి తీగను గుచ్చితే ఖరీదైన యంత్రానికే చేటు. సౌకర్యం పెరిగింది, మూడోవాడి చోటు తరిగింది. అరవై ఏళ్ళు దాటిన మేస్త్రీ జ్ఞానానికి అక్కడ ప్రవేశం లేదు. తెర చెడిపోతే మొత్తం మార్చమంటారు. వస్తువు మనదే, విప్పే హక్కు మాత్రం మన చేతుల్లో నుంచి మెల్లగా జారిపోతున్నది.

గాల్విన్ సోదరుల నాటి నుంచి నేటి దాకా చూస్తే, కారులో పాట ఎనభై ఏళ్ళ పాటు ప్రధానంగా బయటివారు తెచ్చి బిగించినదే. కంపెనీ వదిలిన ఖాళీని సామాన్యుడు తన ఇష్టంతో, పక్కవీధి మేస్త్రీ నైపుణ్యంతో నింపుకొన్నాడు. ఒకే కంపెనీలో, ఒకే రంగులో, ఒకే రోజు తయారైన రెండు కార్లు, ఒకటి కాటిసీను పద్యమై, మరొకటి ఇళయరాజా పాటయై, వేర్వేరు మనుషులయ్యేవి ఆ చోటులోనే. ఖాళీ అన్నది లోపం కాదు, మనకు వదిలిన వాటా అని ఇప్పుడు అనిపిస్తున్నది.

చివరగా ఒక మనవి. మీ ఇళ్ళలో అటక మీద, పాత కారు డిక్కీలో, అలమారా అడుగున ఆ క్యాసెట్టులు ఇంకా ఉండవచ్చు. సినిమా పాటలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి గురించి కాదు నా బెంగ. మీ ఊరి తిరునాళ్ళలో పాడిన చెక్కభజన, మీ తాతగారి హార్మోనియం పద్యం, దసరా రోజుల్లో ప్రొద్దుటూరు అమ్మవారిశాల ముందు ఎవరో టేపులో పట్టుకొన్న హరికథ వంటివి ఉంటే, అవి మరెక్కడా లేవు. టేపు మీది ఇనుప రజను ఏడాదికేడాది రాలిపోతూనే ఉంటుంది. పాడే టేపురికార్డరు ఒకటి సంపాదించి, కంప్యూటరులోకి ఎక్కించి దాచండి. అన్నమయ్య పాటకు రాగిరేకులు దొరికాయి. మన వాళ్ళ గొంతులకు దొరికినది ఈ ప్లాస్టిక్ డబ్బా ఒక్కటే.